లాక్‌డౌన్ రాకముందే: ఏఆర్‌టీ (హెచ్ఐవీని అదుపులో ఉంచే) మందులు వాడేవాళ్లకు జాగ్రత్తలు

2020 మార్చి చివర్లో బస్సులు, రైళ్లు ఆగిపోయాక ఏఆర్‌టీ సెంటర్ దాకా వెళ్లడమే చాలామందికి గండమైంది. అలాంటి పరిస్థితి మళ్లీ వచ్చేలా ఉంటే ఇవి చూసుకోండి.

• డబ్బా మూత తీసి మాత్రలు లెక్కపెట్టండి. రెండు వారాలకే ఉంటే ఇవాళే సెంటర్‌కి ఫోన్ చేయండి. రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారేమో అడగండి. కోవిడ్ అప్పుడు చాలామందికి అలా ఇచ్చారు.

• ఏఆర్‌టీ బుక్ (మీ చికిత్స వివరాలు రాసి సెంటర్‌లో ఇచ్చే పుస్తకం) ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. వేరే ఊళ్లో చిక్కుకుపోతే దగ్గర్లోని సెంటర్‌లో చూపించవచ్చు. ఆ సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

• దారిలో ఎవరైనా ఆపితే "ఆసుపత్రికి, మందుల కోసం" అంటే చాలు. జబ్బు పేరు చెప్పక్కర్లేదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం మీకు అండగా ఉంది.

• అన్నిటికన్నా ముఖ్యం: మందులు తగ్గిపోతున్నాయని రోజు విడిచి రోజు వేసుకోవద్దు, భార్యాభర్తలు ఒకరి మాత్రలు ఒకరు పంచుకోవద్దు. ఒంట్లో మందు పలచబడితే వైరస్ దానికి లొంగకుండా తయారవుతుంది. తర్వాత అదే మాత్ర పనిచేయకపోవచ్చు. దయచేసి సాగదీయకండి, ముందే అడగండి.

• వేళ తప్పిందా? ఆ రోజే గుర్తొస్తే వెంటనే వేసుకోండి. మర్నాడు రెండు కలిపి వద్దు.

• మీ ఏఆర్‌టీ మాత్రలో డోలుటెగ్రావిర్ అనే మందు ఉంటే, రోగనిరోధక శక్తి కోసమని కొనే జింక్ మాత్రలతో, అలాగే యాంటాసిడ్‌తో (కడుపులో మంటకు వాడే మందు) కలిపి వేసుకోవద్దు. ఏఆర్‌టీ మాత్రని వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోండి.

• జ్వరం వచ్చినా, కోవిడ్ పాజిటివ్ వచ్చినా మీ అంతట మీరు ఏఆర్‌టీ ఆపకండి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రల డబ్బా వెంట తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.