గల్ఫ్‌కి మొదటిసారి వెళ్తున్న మన సరిహద్దు ఊళ్ల వాళ్లకి: ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం వైపు నుంచి పనికోసం మొదటిసారి గల్ఫ్ వెళ్తున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. టికెట్ గురించి, సామాను బరువు గురించి చెప్పేవాళ్లు ఊరినిండా ఉంటారు కానీ, పాస్‌పోర్టు చూసే కౌంటర్ దగ్గర ఏం అడుగుతారో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు. మనవాళ్లకి అసలు టెన్షన్ అక్కడే.

ఇంటి దగ్గరే చేయాల్సిన పని ఒకటుంది. పాస్‌పోర్టు, వీసా పక్కపక్కన పెట్టుకుని పేరులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి సరిచూసుకోండి. మనకి ఇది మరీ ముఖ్యం. మన పిల్లలు చాలామంది చదివింది ఒడియా బడిలో, ఒడియాలో ‘వ’ చాలాసార్లు ‘బ’ అయిపోతుంది, అందుకని ఇంట్లో వెంకటరావు బడి రికార్డులో బెంకటరావు అవుతాడు, పాస్‌పోర్టులో ఇంగ్లీషు ‘బి’ పడుతుంది, ఏజెంటు మాత్రం ఫోన్లో విన్నదాన్ని బట్టి వీసాకి ‘వి’తో పంపేస్తాడు. ఊళ్లో ఇద్దరూ ఒక్కరే అని అందరికీ తెలుసు, కౌంటర్లో కూర్చున్నాయనకి ఎలా తెలుస్తుంది? తేడా కనబడితే టికెట్ కొనకముందే వీసాలో మార్పించుకోండి. ఇంకొకటి, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్క పేరే ఉంటే దుబాయ్, అబుదాబిలకి విజిట్ వీసా మీద వెళ్లడానికి 2022 నవంబర్ నుంచి ఇబ్బంది ఉంది. గడువు కూడా చూసుకోండి, ఆరు నెలలకి తక్కువ ఉంటే ముందు రెన్యువల్ చేయించండి.

పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అలాంటివాళ్లు సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికోసం దేశం దాటడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తప్పనిసరి. ఇది 1983 నాటి చట్టం, మనల్ని కాపాడడానికే పెట్టారు. సరదాగా చూసి రావడానికైతే ఆ క్లియరెన్స్ అక్కర్లేదు, దళారులు పట్టుకునేది సరిగ్గా ఈ సందునే. ‘విజిట్ వీసా మీద దిగు, అక్కడ మార్పిస్తా’ అంటారు. మా బావమరిదిని ఇలాగే పంపారు. మన దేశంలోనే ఇమిగ్రేషన్ అధికారి హోటల్ బుకింగ్ చూపించమన్నాడు, తిరుగు టికెట్ ఎప్పటికన్నాడు, వీడు చేతిలో సంచి నలుపుతూ నిలబడిపోయాడు, సంచిలో తాపీ, తూకపుగుండు ఉన్నాయి. విమానం వెళ్లిపోయింది, వీణ్ని వెనక్కి పంపేశారు. ఆ డబ్బు కోసం మా అత్తగారు పుస్తెల గొలుసు తాకట్టు పెట్టారు, ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. అందుకే చెబుతున్నా, ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్లో చూసుకోండి. ఫీజు కింద అతను ఎక్కువలో ఎక్కువ తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. క్లియరెన్స్‌తోపాటు ప్రవాసీ భారతీయ బీమా కూడా తీసుకోవాలి. రెండేళ్లకి 275 రూపాయలు కడితే 10 లక్షల బీమా ఉంటుంది.

ఎయిర్‌పోర్టుకి మూడు గంటలు ముందుండండి. పలాసలో రైలెక్కి భువనేశ్వర్ వెళ్తున్నా, బస్సులో విశాఖ వెళ్తున్నా ముందురోజే బయల్దేరితే మంచిది. సామాను అప్పగించాక ఇమిగ్రేషన్, ఆ తర్వాతే సెక్యూరిటీ. మనవాళ్లు వెళ్లేటప్పుడు ఫారం నింపే పని 2017 జూలైలోనే తీసేశారు, కాబట్టి ‘ఫారం రాసిపెడతా, వంద ఇవ్వు’ అంటే ఇవ్వకండి. క్యూలో ఫోన్ లోపల పెట్టేయండి, ఫొటోలు తీయొద్దు. ఎక్కడికి, ఏం పని, ఏ కంపెనీ అని అడిగితే కాగితంలో ఉన్నదే చెప్పండి. దానికోసం కాంట్రాక్టులో పని పేరు, జీతం, కంపెనీ పేరు ముందే ఎవరిచేతైనా చదివించుకుని గుర్తుపెట్టుకోవాలి. మేస్త్రి అని రాసి ఉంటే మేస్త్రి అనే చెప్పాలి, డ్రైవర్ అనకూడదు.

అక్కడ దిగాక క్యూలు వేరువేరుగా ఉంటాయి, వాళ్ల దేశస్థులది ఒకటి, మనలాంటివాళ్లది ఇంకొకటి. రాత్రిపూట నాలుగైదు విమానాలు ఒకేసారి దిగితే గంటకి పైనే పడుతుంది, అందుకని విమానంలోనే నీళ్లు తాగి, బాత్రూమ్‌కి వెళ్లి రండి. చాలాచోట్ల వేలిముద్రలు తీసుకుంటారు. సిమెంటు పని చేసిన చేతులకి గీతలు అరిగిపోయి మిషన్ పట్టదు, చాలామంది భయపడేది అప్పుడే. వెళ్లే ముందు వారం రోజులు రాత్రిపూట వేళ్లకి కొబ్బరినూనె రాసుకోండి, కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి చేతులు శుభ్రంగా, పొడిగా తుడుచుకోండి, మళ్లీ పెట్టమంటే నెమ్మదిగా నొక్కి పెట్టండి.

సామాన్లో గసగసాలు అస్సలు పెట్టనివ్వకండి. అమ్మ కూరపొడిలో కలిపి ఇచ్చినా సరే, గల్ఫ్‌లో అది మత్తుపదార్థం కింద లెక్క. తెలిసినవాళ్లు ఇచ్చిన పొట్లం కూడా విప్పి చూడకుండా తీసుకోవద్దు.

కంపెనీ మనిషి ఫోన్ నంబరు, క్యాంపు అడ్రసు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు. పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. బయటికి రాగానే కంపెనీవాళ్లు పాస్‌పోర్టు అడిగితే, వీసా పనికోసమా, ఎన్ని రోజులకి తిరిగిస్తారు అని అక్కడే అడగండి.