మగహీ పాన్: బిహారీ ఇంటి పద్ధతిలో అతిథికి ఎలా ఇవ్వాలి?

బిహార్‌లో, ముఖ్యంగా మిథిల, మగధ ప్రాంతాల్లోని పాతకాలపు ఇళ్లలో, చుట్టాలకు భోజనం పెట్టి పాన్ ఇవ్వకుండా పంపితే మర్యాదలో లోటే. మనం ఆకులూ వక్కలూ విడిగా చేతిలో పెడతాం. అక్కడ చాలావరకు చుట్టి, నోట్లో వేసుకోవడమే తరువాయి అన్నట్టు ఇస్తారు.

ముందు ఆకు చూసుకోండి. నవాదా, గయ, ఔరంగాబాద్, నలందా జిల్లాల్లో పండే మగహీ ఆకు చిన్నది, పీచు తక్కువ. నమిలితే నోట్లోనే కరిగిపోతుంది. 2018లో దీనికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అది దొరకకపోతే లేత తమలపాకు తీసుకోండి. కడిగాక పొడిబట్టతో శుభ్రంగా తుడవాలి. తడి ఉంటే కాచు (చండ్రచెట్టు నుంచి తీసే ఎర్రటి పదార్థం) ఆకుకు పట్టదు. తొడిమ, కొస తుంచేయండి.

అసలు నేర్పంతా సున్నం, కాచు పాళ్లలోనే ఉంది. తినే సున్నం మాత్రమే వాడండి, అదీ అగ్గిపుల్ల కొనతో తీసినంతే. కాస్త ఎక్కువైతే నోరు పొక్కి, మీ అతిథి రెండు రోజులు కారం తినలేరు. కాచును నీళ్లలో నానబెట్టి మెత్తటి గుజ్జుగా చేసుకుని, సున్నానికి రెండు మూడింతలు తీసుకోండి. ఆకు నిగనిగలాడే వైపు కిందికి ఉంచి, ఈనెలు కనిపించే వైపు సున్నం, కాచు పలచగా రాయండి.

తర్వాత సోంపు, యాలకుల గింజలు. ఆనవాయితీ ప్రకారం అడకత్తెరతో సన్నగా కత్తిరించిన వక్క కూడా వేస్తారు. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. అందుకే వక్క మానేయమనే నా సలహా. పాన్‌లో వేసే పొగాకు, అంటే జర్దా జోలికి అసలు పోవద్దు. మర్యాద చేసేది ఆకూ, ఇచ్చే చెయ్యీ. వక్క లేకపోతే ఏమీ తగ్గదు.

ఆకును పొట్లంలా మడిచి, విడిపోకుండా లవంగం గుచ్చండి.

చుట్టేముందే, "మీకు సున్నం ఎంత, యాలకులు వేయమంటారా?" అని అడగండి. పళ్లెంలో పెట్టి పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. వద్దన్నవాళ్లను బలవంతపెట్టకుండా చిటికెడు సోంపు ఇవ్వండి. చుట్టి చాలాసేపు ఉంచితే ఆకు వాడిపోతుంది కాబట్టి భోజనాలు ముగిసే వేళకే చుట్టుకోండి.

ఆశ్వయుజ పౌర్ణమికి మిథిలలో కోజాగరా జరుపుకుంటారు. కొత్త పెళ్లికొడుకు ఇంటికి అత్తవారి నుంచి మఖానా (వేయించిన తామర జాతి గింజలు), బతాసాలు, పాన్ వస్తాయి. వాటిని ఊళ్లోవాళ్లందరికీ పంచుతారు. ఆ పండుగ సమయంలో మైథిల్ మిత్రుల ఇంటికి వెళ్తే, మీ చేతిలోనూ గుప్పెడు మఖానాతో పాటు ఒక పాన్ పెడతారు.