రక్తం ఎక్కించడంలో పొరపాటు: రిఫ్లెక్షన్ రాయడం నేర్చుకుందాం
4వ పాఠం: “ఇకపై జాగ్రత్తగా ఉంటాను” అన్న వాక్యాన్ని ఏం చేయాలి?

రిఫ్లెక్షన్ అంటే జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకుని, అందులోంచి ఏం నేర్చుకున్నామో రాయడం. పోయిన పాఠంలో ఘటనను గడియారం ప్రకారం రాయడం చూశాం. ఏ టైముకి ఏం జరిగింది, ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారు, ఎవరు ఏమన్నారు అన్నదే రాశాం. అభిప్రాయం ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆ కాగితం ఇవాళ మీ పక్కన ఉండాలి. రాయకపోతే ముందు అది రాసుకుని రండి. అది లేకుండా ఈ పాఠం చదివితే అర్థమైనట్టే ఉంటుంది, చేతికి మాత్రం ఏమీ రాదు.

అందరం ఒకే ఘటన మీద పనిచేస్తే సులువు కాబట్టి ఈ పాఠానికి ఒకటి కల్పించాను.

రాత్రి డ్యూటీ. వార్డులో 6వ బెడ్ పేషెంట్‌దీ, 9వ బెడ్ పేషెంట్‌దీ ఇంటిపేరు ఒకటే. ఇద్దరికీ రక్తం ఎక్కించాలని డాక్టర్ రాశారు. 1:40కి 9వ బెడ్ పేషెంట్ కోసం బ్యాగు వచ్చింది. కొత్త సిస్టరూ సీనియర్ సిస్టరూ నర్సింగ్ స్టేషన్‌లోనే నిలబడి బ్యాగు మీది లేబుల్‌నీ, దానితో వచ్చిన ఫారాన్నీ సరిచూశారు. పేరు, యూనిట్ నంబరు, గ్రూపు, ఎక్స్‌పైరీ తేదీ అన్నీ కలిశాయి. ఇద్దరూ సంతకాలు పెట్టారు. అంతలో వేరే బెడ్ నుంచి పిలుపొచ్చి సీనియర్ వెళ్లారు. కొత్త సిస్టర్ బ్యాగు పట్టుకుని 6వ బెడ్ దగ్గరికి వెళ్లింది. “మీరు ఫలానా గారే కదా?” అని ఇంటిపేరుతో అడిగింది. నిద్రమత్తులో ఉన్న ఆయన “ఊఁ” అన్నారు. 1:55కి రక్తం మొదలైంది. 2:05కి ఆయన చలేస్తోందని, నడుము పట్టేసిందని, సూది ఉన్న చెయ్యి మండుతోందని చెప్పారు. ఆమె వెంటనే ఆపేసింది. సెట్ (రక్తం వెళ్లే ట్యూబు) మార్చి, సెలైన్ పెట్టి, డాక్టర్‌ను పిలిచింది. బ్యాగులో ఉన్నది ‘ఏ’ (A) గ్రూపు రక్తం, ఆయనది ‘ఓ’ (O) గ్రూపు. లోపలికి పోయింది 20 మిల్లీలీటర్ల లోపే.

ఇప్పుడు ఆ సిస్టర్ రాసిన మొదటి రిఫ్లెక్షన్ ఇలా ఉందనుకుందాం:

“నా అజాగ్రత్త వల్ల పేషెంట్‌కు వేరే గ్రూపు రక్తం వెళ్లింది. చాలా బాధపడ్డాను. రాత్రంతా నిద్రపట్టలేదు. ఒక నర్సుగా ఇలా జరగకూడదు. ఇకపై జాగ్రత్తగా ఉంటాను, అన్నీ రెండుసార్లు చెక్ చేస్తాను.”

నేను చూసే కాగితాల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో అబద్ధమేమీ లేదు, మనిషి బాధ కూడా నిజమే. కానీ చివరి వాక్యం దగ్గర ఆగి ఆలోచించండి. ఆమె రెండుసార్లు చెక్ చేసి ఉంటే ఏం తేలేది? స్టేషన్‌లో నిలబడి లేబుల్‌నీ ఫారాన్నీ పదిసార్లు చూసినా పదిసార్లూ కలిసేవే. ఎందుకంటే ఆ రెండూ 9వ బెడ్ ఆయనవే. బ్లడ్ బ్యాంక్ సరైన బ్యాగే పంపింది, ఫారం కూడా సరైనదే. చెకింగ్ జరిగింది, సంతకాలూ ఉన్నాయి. జరగని పని ఒక్కటే: బ్యాగును మనిషితో పోల్చడం. అంటే బెడ్ దగ్గర నిలబడి పేషెంట్ చేతి బ్యాండ్ మీద ఉన్న పేరు, ఐడీ నంబరు, పుట్టిన తేదీలను బ్యాగు మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం చూడటం. బ్యాగు తప్పు మనిషి దగ్గరికి వచ్చిందని తెలిసేది అక్కడే.

ఈ సంగతి ఆమె రాసిన రిఫ్లెక్షన్‌లో ఎక్కడా లేదు. “అజాగ్రత్త” అనగానే వెతకడం ఆగిపోయింది. నా మటుకు నేను ఆ మాటకు ఎర్ర ఇంకుతో సున్నా చుడతాను. తప్పు మాట అని కాదు, దాని తర్వాత ఇంకో ప్రశ్న వేయాలని గుర్తుగా.

ఆ ప్రశ్నలు ఏ వరసలో వేసుకోవాలో చెప్పే పద్ధతులు రెండు మూడు బాగా వాడుకలో ఉన్నాయి. 1988లో గ్రహమ్ గిబ్స్ అనే విద్యావేత్త ఇచ్చిన చక్రంలో ఆరు మెట్లు: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగా జరిగింది ఏది జరగలేదు, ఎందుకలా, దీన్నించి తేలిందేమిటి, మళ్లీ వస్తే ఏం చేస్తాను. కాలేజీలో ఎక్కువగా అడిగేది ఇదే. “ఏమిటి, అయితే ఏమిటి, ఇప్పుడేమిటి” అనే మూడు ప్రశ్నల పద్ధతి ఇంకా చిన్నది, డ్యూటీ తర్వాత అలసటలో కూడా పనికొస్తుంది. ఏది పట్టుకున్నా ఫర్వాలేదు. కొత్తవాళ్లు రెండో మెట్టు మీదే కూర్చుండిపోతారు, అది చూసుకోండి. భయం, సిగ్గు, టెన్షన్ అన్నీ రాయండి, ఒక పేరా ఇవ్వండి, తర్వాత కదలండి.

ఇక ఏది బాగా జరిగిందన్న మెట్టు. పొరపాటు చేసిన మనిషి దీన్ని దాదాపుగా దాటేస్తుంది, మంచి రాస్తే సమర్థించుకున్నట్టు ఉంటుందని. ఇక్కడే మీ సబ్జెక్టు బయటపడాలి. ఏబీఓ గ్రూపులను కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వివరించారని చదువుకుని ఉంటారు. ఆ చదువును ఈ 10 నిమిషాలకు అన్వయించండి. ‘ఓ’ గ్రూపు మనిషి ఒంట్లో ‘ఏ’, ‘బీ’ రెండింటికీ ఎదురు తిరిగే యాంటీబాడీలు చిన్నప్పటి నుంచే ఉంటాయి, అంతకుముందు ఎప్పుడూ రక్తం ఎక్కించుకోకపోయినా సరే. అందుకే ‘ఏ’ గ్రూపు కణాలు లోపలికి వెళ్లగానే దాడి మొదలవుతుంది. కణాలు రక్తనాళంలోనే పగులుతాయి, హిమోగ్లోబిన్ బయటపడి మూత్రం ఎర్రగానో ముదురు రంగులోనో వస్తుంది, బీపీ పడిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు, గడ్డకట్టే వ్యవస్థే తారుమారు కావచ్చు. లోపలికి ఎంత ఎక్కువ పోతే ముప్పు అంత ఎక్కువ. మొదటి 15 నిమిషాలు నిదానంగా ఎక్కించి, బెడ్ పక్కనే ఉండమనేది ఇందుకే. ఆమె పక్కనే ఉంది. ఆయన నడుము నొప్పిని “పడుకున్న తీరు వల్లేమో” అని కొట్టిపారేయలేదు. డాక్టర్ వచ్చేదాకా ఆగకుండా రక్తం ఆపింది. పాత సెట్‌లోంచే సెలైన్ వదలకుండా కొత్త సెట్ పెట్టింది. లేకపోతే ట్యూబులో మిగిలిన రక్తం కూడా లోపలికే పోయేది. ఇవన్నీ రాయాలి. మళ్లీ ఇలాంటిది ఎదురైతే నిలుపుకోవాల్సినవి ఏవో తెలియడం కూడా నేర్చుకోవడంలో భాగమే.

మాట మధ్యలో ఇంకొకటి. ఆయన మెలకువగా ఉండి చెప్పగలిగారు కాబట్టి తెలిసింది. మత్తులో ఉన్న పేషెంట్ చలనీ నొప్పనీ చెప్పలేడు. అక్కడ పడిపోతున్న బీపీ, రంగు మారిన మూత్రం, గాయం నుంచి ఆగని రక్తం చూసే పోల్చుకోవాలి.

మీ కాగితంలో ఇంకొక మనిషి ఉన్నాడేమో చూడండి. 9వ బెడ్ ఆయన. దాదాపు ఎవరూ ఆయన్ను రాయరు. ఆయన బ్యాగు 6వ బెడ్‌కు వెళ్లిందంటే, 6వ బెడ్ బ్యాగు వచ్చినప్పుడు అది ఆయన దగ్గరికి వెళ్లే ప్రమాదం ఉంది. ఒక్కోసారి అసలు తికమక ఇంకా ముందు, శాంపిల్ తీసిన పూటే, ఒకరి రక్తం మీద ఇంకొకరి లేబుల్ అంటించడంతో మొదలై ఉంటుంది. అలాంటప్పుడు బెడ్ దగ్గర బ్యాండ్ ఎంత చూసినా అన్నీ కలుస్తాయి. కాబట్టి రియాక్షన్ రాగానే బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ చేయడం, బ్యాగునూ సెట్‌నూ చెత్తబుట్టలో వేయకుండా కొత్త శాంపిల్‌తో పాటు పంపడం కేవలం ఫార్మాలిటీ కాదు, ఇంకో పేషెంట్‌ను కాపాడే పని. ఆ ఫోన్ ఎన్నింటికి చేశారో మీ టైం పట్టికలో ఉందా?

ఇప్పుడు కష్టమైన చోటుకు వద్దాం. సీనియర్ సిస్టర్ గురించి ఎలా రాయాలి? “నన్ను ఒంటరిగా వదిలి వెళ్లిపోయారు” అని రాస్తే అది ఫిర్యాదు. అసలేమీ రాయకపోతే ఘటన సగమే. నేను చెప్పేదేమిటంటే, ఆవిడ గురించి కాదు, ఆవిడ లేని ఆ క్షణంలో మీ బుర్రలో ఏముందో రాయండి. “ఇద్దరం సంతకం పెట్టేశాం కాబట్టి చెకింగ్ అయిపోయిందనుకున్నాను. మళ్లీ పిలిస్తే విసుక్కుంటారేమోనని మొహమాటపడ్డాను.” ఈ రెండు వాక్యాల్లో ఎవరి మీదా నింద లేదు. అయినా రెండు లోపాలు దొరికాయి. ఒకటి, బెడ్ దగ్గర పెట్టాల్సిన సంతకం స్టేషన్‌లోనే పడిపోయింది. రెండు, ఇద్దరు చూడటమంటే ఒకరు చదువుతుంటే ఇంకొకరు తల ఊపడమనే అలవాటు. ఇద్దరూ ఎవరికి వారు విడిగా చూస్తేనే రెండో చూపుకి విలువ. లేకపోతే ఆవిడ చూశారు కదా అని నేనూ, నేను చూశాను కదా అని ఆవిడా ఉండిపోతాం.

ప్రశ్న అడిగిన తీరు కూడా ఇలాంటిదే. “ఫలానా గారే కదా?” అంటే నిద్రమత్తులోనో, చెవుడు వల్లో, మర్యాదకో ఎవరైనా “ఊఁ” అంటారు. “మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి” అంటే ఆ మనిషే నోరు తెరిచి చెప్పాలి. చెప్పలేని స్థితిలో ఉంటే చేతి బ్యాండే ఆధారం. బ్యాండ్ లేకపోతే అది కట్టేదాకా రక్తం ఎక్కించకూడదు.

జేమ్స్ రీజన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రమాదాలను చిల్లులున్న జున్ను (స్విస్ చీజ్) ముక్కలతో పోల్చారు. ఒక్కో ముక్కా ఒక్కో అడ్డు, ప్రతిదానిలో చిల్లులుంటాయి, అన్ని చిల్లులూ ఒకే వరసలోకి వస్తే ప్రమాదం దూసుకొస్తుంది. మంచి బొమ్మే, వాడండి. అయితే ఈ మధ్య దీన్ని చదివినవాళ్లు “ఇది వ్యక్తి తప్పు కాదు, సిస్టం లోపం” అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఏ చిల్లు, ఎక్కడ, ఎప్పుడు అని చెప్పకపోతే “సిస్టం లోపం” కూడా “అజాగ్రత్త” లాంటి మాటే. అదీ వెతకడాన్ని ఆపేస్తుంది.

చివరి మెట్టుకు నేను వాడే పరీక్ష ఇది. మీరు రాసిన నిర్ణయాన్ని పాటించారో లేదో పక్కన నిలబడిన మనిషి కళ్లతో చూసి చెప్పగలరా? “జాగ్రత్తగా ఉంటాను” అన్నది ఎవరికీ కనపడదు. “రెండో సిస్టర్ బెడ్ దగ్గర లేకుండా బ్యాగుకు సెట్ గుచ్చను” అన్నది కనపడుతుంది. అయితే ఆ నిర్ణయం రాత్రి 2 గంటలకు నిలబడుతుందా అని కూడా చూడాలి. బ్యాగు ఫ్రిజ్ నుంచి బయటికొస్తే 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, 4 గంటల్లో పూర్తి కావాలి అన్న నియమం చాలాచోట్ల ఉంది. సీనియర్ రావడం ఆలస్యమైతే ఆ తొందరే మిమ్మల్ని తోసేస్తుంది. అందుకే దారి ముందే రాసుకోవాలి: ఎవరూ దొరకకపోతే బ్యాగు బ్లడ్ బ్యాంక్‌కు తిరిగి పంపేస్తాను, వార్డు ఫ్రిజ్‌లో మాత్రం పెట్టను.

ఇవన్నీ కలిపి ఆ సిస్టర్ మళ్లీ రాస్తే ఇలా ఉండొచ్చు:

“స్టేషన్‌లో లేబుల్, ఫారం కలిశాయి. దాంతో చెకింగ్ పూర్తయిందనుకున్నాను. నిజానికి ఆ రెండూ ఇంకో పేషెంట్‌వి. అవి కలవడం వల్ల నా ఎదుట ఉన్న మనిషి ఎవరో తెలియదు. బ్యాండ్ చూడలేదు. పేరు నేనే చెప్పి ‘కదా’ అని అడిగాను. సంతకం అప్పటికే ఉండటంతో సీనియర్‌ను మళ్లీ పిలవాలనిపించలేదు, మొహమాటమూ అడ్డొచ్చింది. మొదటి లక్షణానికే ఆపడం, సెట్ మార్చడం సరిగ్గా చేశాను. బ్లడ్ బ్యాంక్‌కు ఫోన్ మాత్రం ఆలస్యంగా చేశాను, ఇంకో పేషెంట్ గురించి నాకు తట్టలేదు. ఇకపై సంతకం బెడ్ దగ్గరే పెడతాను. ఎవరైనా మధ్యలో వెళ్లాల్సి వస్తే ‘సిస్టర్, బెడ్ దగ్గర చెకింగ్ మిగిలింది, మీరు వచ్చాకే గుచ్చుతాను’ అని పైకే చెబుతాను. ఒకే ఇంటిపేరున్న పేషెంట్లుంటే డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో ముందే చెబుతాను.”

మొదటిదాని కంటే ఇది రాయడానికి ఎక్కువ గుండెధైర్యం కావాలి, “అజాగ్రత్త” అన్న మాట ఇందులో ఒక్కసారి కూడా లేకపోయినా.

రాసేముందు ఒక హెచ్చరిక. ఇన్సిడెంట్ రిపోర్టు వేరు, ఇది వేరు. రిపోర్టులో జరిగింది మాత్రమే రాసి పై వాళ్లకు ఇస్తాం, అది వెంటనే జరగాలి, రిఫ్లెక్షన్ పూర్తయ్యేదాకా ఆగకూడదు. రిఫ్లెక్షన్‌లో పేషెంట్ పేరు, అసలు బెడ్ నంబరు, తేదీ, తోటి సిస్టర్ పేరు ఏవీ ఉండకూడదు.

ఈసారి అభ్యాసం: మీ కాగితంలో “అజాగ్రత్త”, “పొరపాటున”, “గమనించలేదు” లాంటి మాటల కింద గీతలు గీయండి. ప్రతి గీత పక్కన “ఆ క్షణంలో నేను ఏది చూశాను, ఏది చూశాననుకున్నాను?” అన్నదానికి జవాబు రాయండి. తర్వాత చివరి పేరా కొట్టేసి, బయటివాళ్లకు కళ్లతో కనపడే నిర్ణయాలు రెండు రాయండి. మూడు వద్దు. రెండు పాటించేవాళ్లే తక్కువ.

5వ పాఠంలో పేషెంట్‌కూ ఇంటివాళ్లకూ జరిగింది ఎవరు, ఎలా చెప్పాలో, ఆ సంభాషణ మీద రిఫ్లెక్షన్ ఎలా రాయాలో చూద్దాం. పాత కాగితం, కొత్త కాగితం రెండూ దాచుకోండి, రెండూ కావాలి.