బోరాన్ బిళ్ళల బదులు రెండు సీసాలు

మోకాళ్ళ కోసం బోరాన్ బిళ్ళలు తెప్పించమని అమ్మ ఒకటే పోరు. ఒక్కోటి 3 మిల్లీగ్రాములట. డబ్బా ధర చూశాక, అదే ఖనిజం వంటింట్లో ఎందులో ఉందో వెతికాను.

ఆదివారం 300 గ్రాముల ఎండుద్రాక్ష ఒక సీసాలో, 200 గ్రాముల వేయించిన పల్లీలు ఇంకో సీసాలో పోస్తాను. వారానికి ఒక మనిషికి సరిపోతాయి. రోజుకు చిన్న గుప్పెడు ద్రాక్ష, అంతకంటే కాస్త తక్కువ పల్లీలు. ద్రాక్షలో దాదాపు 0.95, పల్లీల్లో 0.5 మిల్లీగ్రాముల బోరాన్ వస్తుంది. ఓ మాదిరి ఆపిల్ కూడా తింటే ఇంకో 0.66. మొత్తం రెండు దాటుతుంది. మామూలు తిండిలో రోజూ అందేది ఒకటి, ఒకటిన్నరే కాబట్టి ఇది చాలు. ఇంత తినాలని అధికారిక లెక్క కూడా ఏదీ లేదు.

రెండూ ఒకే సీసాలో కలపకండి. ద్రాక్ష తడికి పల్లీలు మెత్తబడిపోతాయి, మొదటివారం నాకు అదే అయింది.

షుగరు ఉన్నవాళ్ళకు ఇది కుదరదు, ద్రాక్ష మానేసి పల్లీలతో సరిపెట్టుకోవాలి. బోరాన్ మూత్రంలోనే బయటికి పోతుంది కనుక కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడగాలి. బోరానే కదా అని వెలిగారం, క్యారమ్ బోర్డు పౌడరు మాత్రం నోట్లో వేసుకోకండి, అవి విషం. మోకాళ్ళ నొప్పి తగ్గిందా అంటారా, అమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు.