పెయింట్‌బాల్ గన్ సొంతంగా నేర్చుకుందాం – 4వ పాఠం: రెగ్యులేటర్ ఎంచుకోవడం, గాలి ఖాళీ చేయడం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను: మీ ట్యాంక్ మీద, దాని మెడ దగ్గరున్న రెగ్యులేటర్ మీద కనిపించే అంకెలన్నీ ఒక కాగితం మీద రాసుకోమని. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ పాఠమంతా దాని చుట్టూనే.

ట్యాంక్ మీద 48/3000 అనో 68/4500 అనో ఉంటుంది. మొదటి అంకె లోపల ఎంత చోటుందో చెబుతుంది, క్యూబిక్ అంగుళాల్లో. రెండోది గరిష్ఠ ఒత్తిడి, పీఎస్‌ఐలో. మన దగ్గర కంప్రెసర్ గేజీల మీద బార్ అంకెలే ఉండొచ్చు కాబట్టి ఇవి గుర్తు పెట్టుకోండి: 3000 పీఎస్‌ఐ అంటే దాదాపు 207 బార్, 4500 అంటే 310 బార్. 3000 ట్యాంకులు మామూలుగా అల్యూమినియంవి, 4500వి కార్బన్ ఫైబర్ చుట్టినవి. 68 క్యూబిక్ అంగుళాలంటే 1.1 లీటరు, చూడ్డానికి ఒక మంచినీళ్ల బాటిల్ అంత. నిండా కొడితే అందులో సుమారు 300 లీటర్ల మామూలు గాలి కుక్కి ఉంటుంది. కారు టైర్లో ఉండేది 32, 35 పీఎస్‌ఐ. అందుకే "పంక్చర్ షాపులో నింపించుకోవచ్చా?" అని అడిగేవాళ్లకు జవాబు, కుదరదు. ఆ కంప్రెసర్ 150 దరిదాపుల్లోనే ఆగిపోతుంది. మన హైదరాబాద్ పక్కన మొయినాబాద్, శామీర్‌పేట వైపు పెయింట్‌బాల్ ఆడించే చోట్ల హై ప్రెషర్ కంప్రెసర్ గానీ, పెద్ద సిలిండర్లు గానీ ఉంటాయి. నింపుకోవాల్సింది అక్కడ. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ పట్టించుకుందామన్న ఆలోచన మాత్రం కలలో కూడా వద్దు. ఆ ఒత్తిడిలో ఆక్సిజన్‌కు కాస్త గ్రీజు తగిలితే చాలు, మంట లేస్తుంది.

రెగ్యులేటర్ ఏం చేస్తుంది

ట్యాంక్‌లో 4500 ఉన్నా, 1200 మిగిలినా గన్‌కు మాత్రం ఒకే ఒత్తిడి అందించడమే రెగ్యులేటర్ పని. లోపల ఒక పిస్టన్, దాన్ని వెనక్కి తోసే స్ప్రింగ్, గాలి దారిని మూసే చిన్న సీట్ ఉంటాయి. గన్ వైపు ఒత్తిడి పెరిగేకొద్దీ పిస్టన్ స్ప్రింగ్‌ను నొక్కుతూ కదులుతుంది, సీట్ దారి మూసుకుంటుంది. ఒక గుండు పేలి అటువైపు ఒత్తిడి పడిపోగానే స్ప్రింగ్ మళ్లీ దారి తెరుస్తుంది. స్ప్రింగ్ ఎంత గట్టిగా తోస్తే బయటి ఒత్తిడి అంత ఎక్కువ. స్ప్రింగ్ కింద షిమ్ములని పల్చటి రింగులు వేసేది దానికే.

అంటే రెగ్యులేటర్‌లో రెండు వైపులున్నాయి. ట్యాంక్ వైపు వేల పీఎస్‌ఐ, గన్ వైపు వందల పీఎస్‌ఐ. రెండు వైపులా ఒక్కో బర్స్ట్ డిస్క్ ఉంటుంది. ఇది ఒత్తిడి హద్దు దాటితే చిరిగిపోయి గాలిని వదిలేసే పల్చటి రేకు. కుక్కర్ మూత మీద సేఫ్టీ వాల్వ్ లాంటిదే. గన్ వైపు డిస్క్ సాధారణంగా 1800 పీఎస్‌ఐకి పోతుంది. ట్యాంక్ వైపు డిస్క్ 3000 ట్యాంక్‌కు 5000, 4500 ట్యాంక్‌కు 7500. మీ కాగితం మీద ఆ అంకెలున్నాయేమో చూడండి. 3000 ట్యాంక్ మీద 7500 డిస్క్ కనిపిస్తే దాన్ని వాడకండి. డిస్క్ పోయినప్పుడు చెవులు గింగుర్లెత్తేంత శబ్దంతో ట్యాంక్ మొత్తం ఖాళీ అవుతుంది, దూరంగా జరిగి అవ్వనివ్వండి. ఆ చోట బోల్ట్ బిగించి పని కానిచ్చే జుగాడ్ మన ఊళ్లో ఎవరో ఒకరు తప్పక సలహా ఇస్తారు. వాళ్లతో కలిసి ఆడకండి.

ఏది కొనాలి

ముందు బయటి ఒత్తిడి చూడాలి. ఎక్కువగా దొరికేవి 800–850 పీఎస్‌ఐ ఇచ్చేవి, తర్వాత 450 దగ్గర ఇచ్చేవి. 800 అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, పాత గన్లన్నీ కార్బన్ డయాక్సైడ్‌తో నడిచేవి. 21 డిగ్రీల వేడిలో ఆ గ్యాస్ ఒత్తిడి సుమారు 850. గాలి ట్యాంకులు వచ్చాక, ఆ గన్లకే సరిపడేలా రెగ్యులేటర్లు చేశారు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ చవకగా దొరుకుతుందని మళ్లీ అటు వెళ్లేవాళ్లకు ఒక మాట. 31 డిగ్రీలు దాటితే ఆ గ్యాస్ ద్రవంగా ఉండదు, ఆపై ఒత్తిడి సిలిండర్ ఎంత నింపారన్న దాని మీద ఎటో పోతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు మామూలే. పొద్దున సెట్ చేసిన గుండు వేగం మధ్యాహ్నానికి మారిపోతుంది. నా లెక్కలో మన ఊరికి గాలే సరైనది.

టిప్‌మన్ 98 లాంటి మెకానికల్ గన్‌కు 800–850 తీసుకోండి. 450 ఇస్తే బోల్ట్ (గుండును ముందుకు తోసే లోపలి కడ్డీ) పూర్తిగా వెనక్కి రాక గన్ సగంలో ఆగుతుంది. ఎలక్ట్రానిక్ గన్లలో చాలావాటికి సొంత రెగ్యులేటర్ ఉంటుంది కాబట్టి 800 ఇచ్చినా లోపల తగ్గించుకుంటాయి, 450 ఇస్తే కొన్ని ఇంకాస్త మెత్తగా నడుస్తాయి. మాన్యువల్ చూసి నిర్ణయించుకోండి. అది చేతిలో లేకపోతే 800 తీసుకున్నవాళ్లు సాధారణంగా నష్టపోరు.

రెండోది థ్రెడ్. అమెరికా ట్యాంకుల మెడకు 5/8-18 అంగుళాల థ్రెడ్, యూరప్ ట్యాంకులకు ఎం18 థ్రెడ్. రెండూ దగ్గర దగ్గర సైజులే, కానీ ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో ట్యాంక్ ఒకరి దగ్గర, రెగ్యులేటర్ ఒకరి దగ్గర కొంటే ఇక్కడే చిక్కుతారు. బాలానగర్‌లో లేత్ మీద అడాప్టర్ చేయించుకోవడం సులువే, అక్కడి పనితనానికి నేనూ దండం పెడతాను. కానీ 310 బార్ పట్టాల్సిన ముక్క ఏ లోహంతో, ఏ టెస్టుతో వచ్చిందో తెలియకుండా దాన్ని చెంప పక్కన పెట్టుకోను. ట్యాంక్, రెగ్యులేటర్ కలిపే కొనండి. టెస్ట్ తేదీ ముద్ర చూడండి. సాధారణంగా 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో ట్యాంక్ బలం చూసే పరీక్ష) చేయించాలి, కార్బన్ ఫైబర్ ట్యాంకుల్లో చాలావాటి ఆయుష్షు 15 ఏళ్లు. మన దేశంలో 500 మిల్లీలీటర్లు దాటిన గ్యాస్ సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి, వాటిని చూసేది నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే కేంద్ర ప్రభుత్వ భద్రతా సంస్థ. 48 ట్యాంక్ కూడా ఈ హద్దు దాటుతుంది. ఎవరో విదేశం నుంచి సూట్‌కేసులో తెచ్చిన ట్యాంక్ చవకగా వస్తోందంటే ఆ సంగతీ ఆలోచించండి.

మూడోది, విడిభాగాలు. నింజా లాంటి కంపెనీల రెగ్యులేటర్లకు సీట్, స్ప్రింగ్, ఓ-రింగుల (గాలి కారకుండా ఆపే గుండ్రటి రింగుల) కిట్లు విడిగా దొరుకుతాయి, షిమ్ములతో ఒత్తిడి మార్చుకోవచ్చు. కొత్తవాళ్లకు మార్చుకునే సౌకర్యం అక్కర్లేదు, కిట్ దొరకడం మాత్రం ముఖ్యం. ట్యాంక్ గన్‌లోకి ఎక్కే చోట ఉండే ఓ-రింగ్ 015 సైజు. రాణీగంజ్‌లో అడిగితే ఆ సైజు చేతిలో పెడతారు గానీ ఎక్కువసార్లు అది మెత్తటి నల్ల రబ్బరు. 90 షోర్ (గట్టిదనం కొలత) పాలీయురేతేన్ కావాలని నోరు తెరిచి అడగండి.

సెకండ్ హ్యాండ్ రెగ్యులేటర్ బాగుందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. వేగం కొలిచే క్రోనో ముందు, మాస్క్ పెట్టుకుని, ఐదారు గుళ్లు వరసగా కాల్చి వేగం చూడండి. రెండు నిమిషాలు ఆగి ఒక్కటి కాల్చండి. ఆ మొదటి గుండు ప్రతిసారీ మిగతావాటికన్నా బాగా వేగంగా వస్తుంటే, ఎక్కడో సీట్ సరిగ్గా మూసుకోవడం లేదు, ఆగిన సమయంలో ఒత్తిడి మెల్లగా పైకి పాకుతోంది. దీన్ని క్రీప్ అంటారు. తప్పు ట్యాంక్ రెగ్యులేటర్‌దా, గన్ లోపలిదా అన్నది తెలియాలంటే బాగుందని తెలిసిన వేరే ట్యాంక్ పెట్టి మళ్లీ చూడండి. ఆటస్థలాల్లో హద్దు సాధారణంగా సెకనుకు 280 నుంచి 300 అడుగులు. సగటు 280 ఉండి మొదటి గుండు 310 కొడితే, అది ఎదుటివాడికి తగిలేది కూడా మొదటే.

గన్‌లో గాలి ఖాళీ చేయడం

ఆట అయిపోయాక చాలామంది ట్యాంక్ పట్టుకుని నేరుగా తిప్పేస్తారు. తుస్సుమని ఓ-రింగ్ ఎగిరిపోయేది అప్పుడే. ముట్టుకునే ముందు గాలి ఎక్కడెక్కడ ఆగి ఉందో లెక్కేసుకోండి: ట్యాంక్‌లో, గన్‌లో, ట్యాంక్‌ను గన్‌కు దూరంగా ఉంచి కలిపే రిమోట్ పైపు వాడితే ఆ పైపులో. ఒకచోట ఖాళీ అయిందంటే మిగతా చోట్ల అయిందని కాదు.

మాస్క్ తీయకండి. గుళ్లు నింపే డబ్బా, అంటే హాపర్, తీసేసి, గన్‌ను కాల్చడానికి కేటాయించిన వైపు తిప్పి, ఛాంబర్‌లో మిగిలిన గుండు బయటికి పోయేలా రెండు మూడుసార్లు కాల్చండి. ఇప్పుడు బ్యారెల్ కవర్ తొడగండి. ట్యాంక్ బిగించే ఏఎస్‌ఏ మీద ఆన్–ఆఫ్ నాబ్ ఉంటే ఆఫ్ చేయండి. కొన్నింట్లో అది తిప్పగానే గన్‌లోని గాలి తుస్సుమని పోతుంది. అయినా ట్రిగ్గర్ నొక్కుతూ ఉండండి, శబ్దం తగ్గి తగ్గి ఆగిపోయేదాకా. టిప్‌మన్ లాంటి వాటిలో ఒత్తిడి తగ్గాక బోల్ట్ తనంతట తాను వెనక్కి రాదు. హ్యాండిల్ లాగి మళ్లీ కాల్చండి, గాలి చప్పుడు పోయి ఇనుము కొట్టుకున్న చప్పుడు మాత్రమే మిగిలేదాకా. ఎలక్ట్రానిక్ గన్ అయితే ఈ పనంతా స్విచ్ ఆన్‌లో ఉండగానే చేయాలి. బ్యాటరీ ఆఫ్ చేసి ట్రిగ్గర్ నొక్కితే ఏమీ కాదు, దాన్ని చూసి ఖాళీ అయిందనుకుంటారు, లోపల గాలి అలాగే ఉంటుంది.

నాబ్ లేని గన్ అయితే ట్యాంక్‌ను అపసవ్యంగా ముప్పావు నుంచి ఒక చుట్టు వరకు మెల్లగా తిప్పండి. రెగ్యులేటర్ మీది పిన్ (నొక్కితే గాలి దారి తెరిచే చిన్న పుల్ల) వదులై ట్యాంక్ మూసుకుంటుంది. అక్కడ ఆగి, గన్ ఊరుకునేదాకా కాల్చి, తర్వాతే మిగతాది విప్పండి. ఎంత కాల్చినా బలం తగ్గకపోతే పిన్ ఇంకా నొక్కుకునే ఉందని అర్థం, ఇంకొంచెం తిప్పి మళ్లీ కాల్చండి. మధ్యలో ఎడతెగకుండా లీకు శబ్దం వస్తే వెనక్కి బిగించి మొదటి నుంచి రండి.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ట్యాంక్ తిప్పుతుంటే రెండు చోట్ల విప్పుకునే వీలుంది: గన్‌కూ రెగ్యులేటర్‌కూ మధ్య, రెగ్యులేటర్‌కూ బాటిల్‌కూ మధ్య. మొదటిది జరగాలి, రెండోది జరగకూడదు. రెండోది జరిగితే బాటిల్ రాకెట్‌లా దూసుకెళ్తుంది. అమెరికాలో కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు ఇలా వాల్వ్ దగ్గర విడిపోయి ప్రాణాలు పోయాయి. చేయాల్సింది చిన్న పనే. గోళ్ల రంగుతో రెగ్యులేటర్ మీద నుంచి బాటిల్ మెడ మీదికి ఒకే నిలువు గీత గీయండి. ట్యాంక్ విప్పేటప్పుడు కన్ను దాని మీదే ఉండాలి. గీత రెండుగా విడిందంటే ఆ క్షణమే ఆపి, గీత కలిసేదాకా వెనక్కి తిప్పండి. అందర్నీ దూరంగా పంపి, ఆ ట్యాంక్‌ను కారులో వేసుకోకుండా అక్కడి టెక్నీషియన్‌నే పిలవండి.

ట్యాంక్ మొత్తం ఖాళీ చేయాలంటే

టెస్టుకు పంపాలన్నా, ఎక్కువకాలం పక్కన పెట్టాలన్నా ఇది అవసరం. తేలికైన దారి గన్‌కు బిగించి, హాపర్ లేకుండా, ట్యాంక్ అయిపోయేదాకా కాల్చడం. లేదా పిన్‌ను నొక్కిపట్టే డీగ్యాస్ టూల్ మర బిగించి మెల్లగా వదలడం. స్క్రూడ్రైవర్‌తో పిన్ పొడవకండి. ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలతో చేయండి. గాలి వ్యాకోచిస్తూ చల్లబడుతుంది కాబట్టి లోహం మంచులా అవుతుంది, ఆగి ఆగి వదలండి. గాలి నింపే ఫిల్ నిపుల్, గేజ్, బర్స్ట్ డిస్క్ విప్పి ఖాళీ చేయాలని ఎప్పుడూ చూడకండి.

గేజ్ సున్నా చూపిస్తే నమ్మకండి, ఆ ముల్లు ఇరుక్కుపోవడం మామూలే. పది నిమిషాలు ఆగి గన్‌తోనో డీగ్యాస్ టూల్‌తోనో పిన్ మళ్లీ నొక్కండి, ఏ మాత్రం శబ్దమూ రాకూడదు. ఆ తర్వాత కూడా బాటిల్ నుంచి రెగ్యులేటర్ విప్పడం ఈ పాఠాల్లో నేర్పను. మెడ దగ్గరి ఓ-రింగ్, బిగింపు బలం సరిగ్గా కుదిర్చే పరికరాలు ఇంట్లో ఉండవు, అది టెస్ట్ చేసేవాళ్ల పని.

నింపేటప్పుడు రెండు జాగ్రత్తలు. నిపుల్ తుడిచి, మెల్లగా నింపండి. వేగంగా నింపితే ట్యాంక్ వేడెక్కి గేజ్ 4500 చూపిస్తుంది, చల్లారాక చాలా కిందికి దిగిపోతుంది. నిపుల్‌కు కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె లాంటివి రాయకండి, ఆ ఒత్తిడికి నూనె అంటుకునే ప్రమాదముంది. నిండు ట్యాంక్‌ను ఎండలో పార్క్ చేసిన కారులో వదలొద్దు. 20 డిగ్రీల దగ్గర 4500 ఉన్నది 60 డిగ్రీలకు 5100 దాటుతుంది.

వచ్చే పాఠంలోపు చేయాల్సినవి: గోళ్ల రంగు గీత ఈరోజే గీయండి. పూర్తిగా ఖాళీ అయిన ట్యాంక్‌తో బిగించడం, విప్పడం చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయండి. తర్వాత ఆటకు వెళ్లినప్పుడు క్రీప్ పరీక్ష చేసి, సగటు వేగం, ఆగాక మొదటి గుండు వేగం రెండూ అదే కాగితం మీద రాయండి. 5వ పాఠంలో వేగం సర్దడం ఆ రెండు అంకెల నుంచే మొదలుపెడతాం.