పగడం ముక్కను జీవక్రియ పరీక్షకు ఎలా సిద్ధం చేయాలి?

తాటిచెట్టు మీద నీరా దించేవాళ్లు కుండ లోపల సున్నం పూస్తారు. పూయకపోతే పొద్దెక్కేసరికి నీరా పులిసి కల్లవుతుంది. పగడాల జీవక్రియ, అంటే కణాల్లో జరిగే రసాయన మార్పుల మీద పనిచేసేవాళ్ల బెంగ కూడా ఇదే. ముక్క తుంచిన క్షణం నుంచి అందులో మనం కొలవాలనుకునే చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు మారిపోతూ ఉంటాయి. సున్నం బదులు మనం ద్రవ నత్రజని వాడతాం.

ముందే చెప్పాలి, ఇది ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం సంగతి కాదు. అది వేరే జాతి. దిబ్బలు కట్టే రాతి పగడాల గురించి చెబుతున్నాను. ఆస్ట్రేలియాలో గ్లాడ్‌స్టోన్ తీరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో హెరాన్ దీవి ఉంది. గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరసలో భాగం. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అక్కడి అక్రోపోరా అనే రాతి పగడం కొమ్మలు లోతులేని నీళ్లలోనే కనిపిస్తాయి. క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధన కేంద్రం కూడా ఆ దీవి మీదే ఉంది. కాబట్టి అక్రోపోరానే ఉదాహరణగా తీసుకుందాం.

ఒక పగడం ముక్కలో మూడు కాపురాలుంటాయి. పాలిప్ అనే జంతువు, దాని కణాల్లో తలదాచుకున్న శైవలాలు (కంటికి కనబడనంత చిన్న నాచు), వీటితోపాటు బ్యాక్టీరియా. ఇల్లు మాత్రం సున్నపురాయి అస్థిపంజరం. శైవలాలు ఎండలో చేసిన గ్లూకోజ్‌లో చాలా భాగం జంతువుకే ఇస్తాయి. నీళ్లు వేడెక్కితే ఈ కాపురం చెడుతుంది, శైవలాలు పోయి పగడం తెల్లబడుతుంది. ఆ దిబ్బల్లో 2016, 2017, 2020, 2022, 2024లో పెద్ద ఎత్తున జరిగింది ఇదే. కంటికి తెలుపు కనబడకముందే లోపల ఏం మారిందో పట్టుకోవడానికే ఇంత తంటా.

అనుమతి లేకుండా ముక్క ముట్టొద్దు

హెరాన్ దగ్గరైతే గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్క్ అథారిటీ అనుమతి కావాలి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలను మొదటి షెడ్యూల్‌లో పెట్టింది, అంటే పులితో సమానంగా. మన్నార్ సింధుశాఖలోనో లక్షద్వీప్‌లోనో సరదాగా ఒక కొమ్మ విరిచినా అది నేరమే. శాంపిల్ దేశం దాటాలంటే సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) కాగితాలు కూడా ఉండాలి. ఈ కాగితాలకు నెలలు పడుతుంది, ముందు వీటి సంగతి చూడండి.

ముక్కలు ఎంచుకోవడం

ఒకే పగడపు గుంపు నుంచి పది ముక్కలు తీస్తే అవి పది శాంపిళ్లు కావు, ఒకే జీవికి పది నకళ్లు. వేర్వేరు గుంపులు తీసుకోండి, వాటి మధ్య దూరం ఉండేలా చూడండి. అక్రోపోరా కొమ్మ కొస తెల్లగా ఉంటుంది. అక్కడ శైవలాలు తక్కువ, పెరుగుదల ఎక్కువ. ఒక శాంపిల్‌లో కొస, ఇంకోదాంట్లో మొదలు వస్తే మీరు కొలిచేది వేడి ప్రభావాన్ని కాదు, కొమ్మలో చోటు తేడాను. కాబట్టి అన్నిటికీ ఒకే చోటు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల ముక్క చాలు.

తుంచిన గాయం కూడా జీవక్రియను మారుస్తుంది. ట్యాంకులో ప్రయోగం చేసేటట్టయితే ముక్కలు మానడానికి కనీసం ఒకటి రెండు వారాలు ఆగండి. ఇక శాంపిల్ తీసే వేళ. మధ్యాహ్నం ఎండలో ఉన్న పగడానికీ, అర్ధరాత్రి పగడానికీ లోపలి చక్కెరల లెక్క వేరు. అన్నీ ఒకే వేళలో, ఒకే వెలుతురులో తీయాలి. వేర్వేరు వేళల్లో తీస్తే ఆ తేడాను తర్వాత ఏ లెక్కా సరిచేయలేదు.

గడ్డకట్టించడం

అసలు పని ఇదే. ట్యూబులు, లేబుళ్లు, పట్టకార్లు, నత్రజని ఫ్లాస్కు అన్నీ వరసగా పెట్టుకున్నాకే ముక్కను నీళ్లలోంచి తీయండి. గాలి తగలగానే పగడం జిగురు వదులుతుంది. ఆ జిగురులోనూ చక్కెరలు, కొవ్వులు ఉంటాయి. వడకట్టిన సముద్రపు నీటిలో ఒక్కసారి ముంచి, నీళ్లు దులిపి, నేరుగా మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వేసేయండి. కొన్ని సెకన్లలో అయిపోవాలి. ఉప్పు పోతుందని మంచినీళ్లతో కడగడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. మంచినీళ్లు తగిలితే కణాలు ఉబ్బి పగిలి, మనకు కావలసినవి ఆ నీళ్లతోనే పోతాయి.

ద్రవ నత్రజనితో ఆటలొద్దు. లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. చిన్న గదిలో ఊపిరాడదు, మూత బిగించిన ట్యూబులో చిక్కుకుంటే ట్యూబు పేలుతుంది. ముఖానికి షీల్డు, చేతికి వదులైన గ్లౌజులు, తెరిచిన కిటికీలు తప్పనిసరి.

గడ్డకట్టిన ముక్కలు మైనస్ 80 ఫ్రీజర్‌లోకి వెళ్లాలి. మధ్యలో కరెంటు పోయి కరిగితే తిరిగి గడ్డకట్టించినా లాభం లేదు, వాటిని పక్కన పెట్టేయండి.

మొత్తం నూరాలా, కండ వేరు చేయాలా?

రెండు దారులున్నాయి. ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో తుంపర చిమ్మే పరికరంతో, చల్లని ద్రావణం చిమ్మి ఎముక (సున్నపురాయి అస్థిపంజరం) మీది కండను ఊడదీయడం ఒకటి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో, అంటే ట్యూబులను గిరగిరా తిప్పే మిషన్‌లో, నెమ్మదిగా తిప్పితే శైవలాలు అడుక్కి చేరతాయి, జంతువు భాగం పైన ఉంటుంది. మీ ప్రశ్న "జంతువులో ఏమైంది, శైవలంలో ఏమైంది" అనేదైతే ఇది తప్పదు. కానీ ఆ నిమిషాల్లో కండ కరుగుతుంది, ఒకదాని పదార్థాలు ఇంకోదాంట్లో కలుస్తాయి.

మొత్తంగా ఏం మారిందో చాలనుకుంటే నా ఓటు రెండో దారికే. నత్రజని పోసి చల్లబరిచిన చిన్న రోట్లో ముక్కను ఎముకతో సహా మెత్తగా నూరడం. పొడి ఒక్క క్షణం కూడా కరగకూడదు, మధ్యమధ్య నత్రజని పోస్తూనే ఉండాలి. ఎముకను కరిగించడానికి యాసిడ్ వాడదామని కొందరికి అనిపిస్తుంది. దాని జోలికి పోకండి, ఎముకతోపాటు మనకు కావలసిన పదార్థాలు కూడా మారిపోతాయి.

సారం తీయడం

పొడిలో ముందుగానే చల్లబరిచిన 70 శాతం మిథనాల్ పోయండి. అర గ్రాము పొడికి రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టవచ్చు. బరువు తెలిసిన అంతర్గత ప్రమాణం, అంటే పగడంలో ఉండని పదార్థం, ఈ దశలోనే కలపాలి. మధ్యలో ఎంత పోయిందో దాన్ని బట్టే తెలుస్తుంది. గ్యాస్ క్రొమటోగ్రఫీకి (పదార్థాలను ఆవిరి చేసి విడదీసే పద్ధతి) రిబిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ వాడటం మామూలే. కొవ్వులు కూడా కావాలంటే క్లోరోఫామ్ కలుపుతారు, అప్పుడు ప్లాస్టిక్ మానేసి గాజు పాత్రలే వాడాలి.

నాలుగు డిగ్రీల దగ్గర అరగంట కదిలించి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైన తేరిన ద్రవాన్ని వేరే ట్యూబులోకి తీయండి. అడుగున మిగిలిన మడ్డి మీద మళ్లీ ఒకసారి మిథనాల్ పోసి రెండో సారం తీసి కలపండి. మడ్డిని పారేయకండి, అందులోని ప్రోటీన్ కొలవాలి. పొడి బరువులో ఎక్కువ భాగం ఎముకే కాబట్టి గ్రాముకింత అని లెక్కగడితే మోసపోతాం. ప్రోటీన్‌కు ఇంత అనో, ముక్క ఉపరితలానికి ఇంత అనో లెక్కించాలి. ఉపరితలం కావాలంటే నూరకముందే కొలవాలి. ట్యాంకులో ఉండగానే స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోవడం తేలిక.

ఇక్కడ నా సొంత గోడు ఒకటి. మొదటిసారి చేసినప్పుడు ట్యూబుల మీద మామూలు మార్కర్‌తో రాశాను. మిథనాల్ చుక్కలు పడి సగం పేర్లు కొట్టుకుపోయాయి. ఏ ట్యూబు ఏ పగడమో తెలియక వారం పని చెత్తబుట్టకు పోయింది, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి పెన్సిల్‌తోనే రాస్తాను, మూత మీద ఒకసారి, పక్కన ఇంకోసారి.

సారాన్ని నత్రజని గాలి కింద గానీ వాక్యూమ్‌లో గానీ ఆరబెట్టి మళ్లీ మైనస్ 80లో పెట్టండి. పగడం లేకుండా అదే మిథనాల్, అదే రోలు, అదే ట్యూబుతో ఒక ఖాళీ శాంపిల్ కూడా మొదటి నుంచీ నడిపించాలి. ప్లాస్టిక్ నుంచి వచ్చిన చెత్త ఏదో అప్పుడే తెలుస్తుంది. అన్ని శాంపిళ్ల నుంచి కొంచెం కొంచెం తీసి ఒక మిశ్రమం చేసుకోండి. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల బరువును బట్టి పదార్థాలను గుర్తించే మిషన్) ప్రతి ఏడెనిమిది శాంపిళ్లకు ఒకసారి దాన్ని పెడితే మిషన్ కొలత దారి తప్పిందో లేదో తెలుస్తుంది. శాంపిళ్లు ఇచ్చేటప్పుడు వేడి పగడాలన్నీ ఒకవైపు, మామూలువన్నీ ఒకవైపు పెట్టకుండా చీట్లు తీసి వరస కలిపేయండి.