చేత్తో నడిపితే నడిచే స్క్రిప్టు క్రాన్‌లో ఎందుకు నడవదు?

లినక్స్‌లో ఫలానా వేళకు ఫలానా పని తనంతట తానే జరగాలంటే చాలామంది మొదట ఆశ్రయించేది క్రాన్‌నే. 1970ల నాటి యూనిక్స్‌లో పుట్టిన ఈ ప్రోగ్రాం నిమిషానికొకసారి మేల్కొని, ఎవరెవరి పట్టికలో ఏయే పనులకు వేళయిందో చూసి వాటిని మొదలుపెడుతుంది. పట్టిక రాయడం పది నిమిషాల్లో వస్తుంది. కానీ టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు క్రాన్ చేతికి వెళ్లగానే ఎందుకు మొరాయిస్తుందో తెలియక రోజులు పోగొట్టుకునేవారే ఎక్కువ కాబట్టి, ఈ వ్యాసంలో ఆ సంగతికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మీ పట్టికను తెరవడానికి క్రాన్‌ట్యాబ్ కమాండ్‌కు -ఈ జోడించాలి, ఉన్నది చూడడానికి -ఎల్ జోడించాలి. -ఆర్ జోడిస్తే మాత్రం పట్టిక మొత్తం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చెరిగిపోతుంది. కీబోర్డు మీద ఈ, ఆర్ అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి. నేను ఒకసారి అలా వేలు జారి ఇరవైకి పైగా వరుసలు పోగొట్టుకుని, వాటిని పాత లాగ్‌ల (జరిగిన పనులు నమోదయ్యే ఫైళ్ల) నుంచి ఒక్కొక్కటిగా ఏరుకోవలసి వచ్చింది. అప్పటినుంచి మార్పు చేసే ముందల్లా -ఎల్ ఇచ్చే పట్టికను ఒక ఫైల్‌లోకి మళ్లించి దాచుకుంటున్నాను. మీరూ ఈ అలవాటు తప్పక చేసుకోండి.

పట్టికలో ఒక వరుస ఇలా ఉంటుంది:

30 2 * * 1-5 /ఆప్ట్/పనులు/బ్యాకప్.ఎస్‌హెచ్

మొదటి అయిదు గడులు వరుసగా నిమిషం, గంట, నెలలో తేదీ, నెల, వారంలో రోజు. వారంలో 0 గానీ 7 గానీ ఆదివారం. కనుక పై వరుసకు అర్థం సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రి రెండున్నరకు అని. నిమిషం గడిలో */10 అని రాస్తే ప్రతి పది నిమిషాలకూ నడుస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తేదీ, వారం గడులు రెండింటిలోనూ అంకెలు పెడితే, రెండూ కలిసినప్పుడే నడుస్తుందని ఎవరైనా అనుకుంటారు. క్రాన్ మాత్రం ఏ ఒక్కటి కుదిరినా నడిపేస్తుంది. 0 9 1 * 1 అని రాస్తే ఒకటో తేదీనా, ప్రతి సోమవారమూ కూడా తొమ్మిదింటికి పని జరుగుతుంది. నెలలో మొదటి సోమవారమే కావాలంటే తేదీ గడిలో 1-7 ఉంచి, వారం గడిని * గా వదిలి, అది సోమవారమో కాదో స్క్రిప్టులోనే పరీక్షించుకోవాలి.

ఇక అసలు విషయం. మీరు లాగిన్ అయినప్పుడు సిద్ధమయ్యే పరిసరాలేవీ క్రాన్‌కు ఉండవు. మీ షెల్ (మీరిచ్చే కమాండ్లను నడిపే ప్రోగ్రాం) సెట్టింగుల ఫైళ్లను అది చదవదు, సాధారణంగా బ్యాష్ అనే షెల్‌కు బదులు మామూలు ఎస్‌హెచ్‌తో పని నడుపుతుంది, ప్రోగ్రాముల కోసం చాలా సిస్టమ్‌లలో /యూఎస్‌ఆర్/బిన్, /బిన్ అనే రెండు ఫోల్డర్లలోనే వెతుకుతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే, అయిదు గడుల్లోనూ * పెట్టి పరిసరాల విలువలను చూపే ఎన్వ్ కమాండ్ ఫలితాన్ని ఒక ఫైల్‌లోకి పంపే వరుస రాసి, ఒక నిమిషం ఆగి, ఆ ఫైల్‌ను మీ టెర్మినల్‌లో అదే కమాండ్ ఇచ్చే జాబితా పక్కన పెట్టి పోల్చండి. చూశాక ఆ వరుసను తీసేయండి. అందుకే ప్రోగ్రాములకూ ఫైళ్లకూ పూర్తి దారి రాయాలి, స్క్రిప్టు మొదట్లోనే పని జరగవలసిన ఫోల్డర్‌లోకి మారాలి. పట్టిక పైభాగంలో పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) విలువ ఇచ్చుకోవచ్చు గానీ, అక్కడ డాలర్ గుర్తుతో పాత విలువను కలుపుదామంటే కుదరదు, ఎందుకంటే క్రాన్ దాన్ని విడదీయకుండా ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. కమాండ్‌లో శాతం గుర్తు వచ్చినా చిక్కే, దాన్ని క్రాన్ కొత్త వరుసగా భావిస్తుంది. ఫైల్ పేరులో తేదీ చేర్చాలనుకునేవారు ఆ గుర్తుకు ముందు \ పెట్టాలి, లేదా ఆ పనంతా స్క్రిప్టులోకి మార్చుకోవాలి. రెండోదే మేలని నా అభిప్రాయం.

తప్పు జరిగినప్పుడు కారణం కనబడాలంటే వరుస చివర ఇలా చేర్చండి:

>> /ఆప్ట్/పనులు/బ్యాకప్.లాగ్ 2>&1

ఇందులో మొదటి భాగం ఫలితాన్ని లాగ్ ఫైల్‌కు చేరుస్తుంది, 2>&1 తప్పుల సందేశాలనూ అక్కడికే పంపుతుంది. ఈ క్రమం మారకూడదు. 2>&1 ముందుకు వస్తే తప్పుల సందేశాలు ఈ లాగ్‌లోకి చేరవు. అసలు పని మొదలైందో లేదో తెలుసుకోవడానికి సిస్టమ్ లాగ్ చూడాలి, జర్నల్‌సీటీఎల్‌కు -యూ జోడించి క్రాన్ పేరు ఇస్తే ఆ వివరాలు వస్తాయి. కొన్ని లినక్స్ పంపిణీల్లో ఆ సేవ పేరు క్రాండ్.

అయిదు నిమిషాలకోసారి నడిచే పని ఎప్పుడైనా ఏడు నిమిషాలు పడితే, మొదటిది ముగియకముందే రెండోది మొదలై రెండూ ఒకే ఫైల్ మీద పడతాయి. కమాండ్‌కు ముందు ఎఫ్‌లాక్ -ఎన్ రాసి ఒక తాళం ఫైల్ పేరు ఇస్తే, తాళం పడి ఉన్నప్పుడు రెండోది నిశ్శబ్దంగా వెనుదిరుగుతుంది.

ఆ వేళకు యంత్రం ఆగిపోయి ఉంటే క్రాన్ ఆ పనిని తర్వాత గుర్తుచేసుకోదు. రోజూ ఆపివేసే ల్యాప్‌టాప్‌లకు తప్పిపోయిన పనిని తర్వాత నడిపే ఎనాక్రాన్ గానీ, పర్సిస్టెంట్ విలువను ట్రూగా ఉంచిన సిస్టమ్‌డీ (లినక్స్ సేవలను నడిపే ప్రోగ్రాం) టైమర్ గానీ సరైనది. ఒక్కసారే జరగవలసిన పనికి పట్టికలో వరుస రాసి తర్వాత తీసేయడం మరిచిపోవడం కంటే యాట్ కమాండ్ వాడండి. వరుసలో ఉన్నవాటిని యాట్‌క్యూ చూపుతుంది, వద్దనుకున్నదాని సంఖ్యను యాట్‌ఆర్‌ఎంకు ఇస్తే అది తొలగిపోతుంది.